చిట్టెలుకల్లో స్పర్శ, నొప్పి కొలవడం ఎలా: వాన్ ఫ్రే వెంట్రుకల నుంచి హాట్ ప్లేట్ దాకా

ల్యాబ్‌లో కొత్తగా చేరి, "రేపటి నుంచి వాన్ ఫ్రే నువ్వే చెయ్యి" (ఎలుక అరికాలిని ఫిలమెంట్ అనే సన్నటి వెంట్రుకతో నొక్కి, ఎంత బలానికి కాలు లాక్కుంటుందో చూసే టెస్ట్) అని గైడ్ చెప్పాక, ఆ ప్లాస్టిక్ వెంట్రుకల పెట్టె చేతిలో పట్టుకుని ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక నిలబడ్డవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. ఎమ్.ఫార్మ్ ఫార్మకాలజీ వాళ్లు, పీహెచ్‌డీ మొదటి ఏడాదిలో ఉన్నవాళ్లు ఎక్కువగా ఇక్కడే ఇబ్బంది పడతారు, ఎందుకంటే పేపర్లలో ఈ పద్ధతి రెండు లైన్లలో అయిపోతుంది, చేతిలోకి వచ్చేసరికి మాత్రం రెండు నెలలు పడుతుంది. మనం తెలుగులో ర్యాట్‌నీ మౌస్‌నీ రెంటినీ ఎలుక అనేస్తాం కాబట్టి ముందే చెబుతున్నా, ఇక్కడ చెప్పేదంతా మౌస్, అంటే పాతిక ముప్పై గ్రాముల చిట్టెలుక గురించే. ర్యాట్‌కి వాడే సెట్టింగులు దీనికి పనికిరావు.

ఒక్క విషయం మాత్రం మొదటి రోజే మనసులో పెట్టుకోండి. ఈ పరికరాలేవీ నొప్పిని కొలవవు. ఎలుక కాలు ఎప్పుడు లాక్కుందో, తోక ఎప్పుడు కదిపిందో కొలుస్తాయి, అంతే. ఆ కాలు నొప్పికి లాక్కుందా, భయపడి లాక్కుందా, అసలు నడుద్దామనుకుని ఎత్తిందా అన్నది తేల్చాల్సింది మీరు. అందుకే లక్షలు పెట్టి కొన్న మెషీన్ కంటే స్థిమితంగా కూర్చున్న ఎలుక, తూకం సరిచూసిన ఫిలమెంట్ మీకు ఎక్కువ పనికొస్తాయి.

ముందుగా అనుమతి

మన దేశంలో ఈ పని చేయాలంటే మీ సంస్థ జంతుశాల సీసీఎస్‌ఈఏ (జంతువుల మీద ప్రయోగాల్ని పర్యవేక్షించే ప్రభుత్వ కమిటీ, పాత పేరు సీపీసీఎస్‌ఈఏ) దగ్గర రిజిస్టర్ అయి ఉండాలి, మీ ప్రయోగానికి సంస్థలోని జంతు నైతిక కమిటీ, అంటే ఐఏఈసీ, ఆమోదం ఉండాలి. దరఖాస్తు ఫారం-బి మీద పెడతారు. అందులో ఎన్ని ఎలుకలు, ఏ టెస్ట్, ఎన్నిసార్లు, ప్రతి టెస్ట్‌కీ ఎన్ని సెకన్ల దగ్గర ఆపేస్తారు, ఎలుక పరిస్థితి ఏ స్థాయికి దిగజారితే దాన్ని ప్రయోగం నుంచి తప్పిస్తారు, అన్నీ రాయండి. ఇది ఫార్మాలిటీ అనుకోకండి. ఆపే సమయం ముందే రాసిపెట్టుకున్నవాళ్లే టెస్ట్ మధ్యలో "ఇంకొక్క రెండు సెకన్లు చూద్దాం" అనే ఆశకి లొంగకుండా ఉంటారు.

బల్ల, జాలీ, డబ్బాలు

వాన్ ఫ్రేకి కావాల్సిన స్టాండ్ కొనొచ్చు, చేయించుకోనూ వచ్చు. నేనైతే చేయించుకోమంటాను. స్టెయిన్‌లెస్ స్టీల్ వైర్ మెష్, గళ్లు సుమారు 5 మిల్లీమీటర్లు ఉండేది తీసుకోండి. సికింద్రాబాద్ రాణిగంజ్ లాంటి హార్డ్‌వేర్ బజారులో అడిగితే కోసి ఇస్తారు. గళ్లు ఇంతకంటే పెద్దవైతే పాదం కిందకి జారిపోతుంది, మరీ చిన్నవైతే ఫిలమెంట్ తీగకి తగిలి ముందే వంగిపోతుంది. కోసిన అంచులు మొనలు తేలి ఉంటాయి, వాటిని తప్పకుండా అరగదీయించండి. స్టాండ్ ఎత్తు ముప్పై, నలభై సెంటీమీటర్లు ఉంటే కింద నుంచి చెయ్యి పెట్టడానికీ, తల వంచి అరికాలు చూడటానికీ వీలుంటుంది. కింద ఒక అద్దం ఏటవాలుగా పెట్టుకుంటే మెడనొప్పి సగం తగ్గుతుంది.

జాలీ మీద ఎలుకకొక డబ్బా. 10 సెంటీమీటర్ల చదరం, అంతకంటే కాస్త ఎక్కువ ఎత్తు చాలు. మీరు చూసే వైపు పారదర్శకంగా ఉండాలి, పక్క డబ్బాతో ఉన్న గోడ మాత్రం కనపడనిదై ఉండాలి, లేకపోతే రెండూ ఒకదాన్నొకటి చూసుకుంటూ గంటైనా కుదురుగా కూర్చోవు. మూతకి గాలి రంధ్రాలు మరిచిపోవద్దు.

ఫిలమెంట్లు: పెట్టె మీద రాసింది నమ్మకండి

మాక్స్ వాన్ ఫ్రే అనే జర్మన్ శరీరధర్మ శాస్త్రవేత్త 1890ల్లో మనుషుల చర్మం మీద స్పర్శ బిందువులను వెతకడానికి నిజమైన వెంట్రుకలే వాడాడు. ఇప్పుడు మనం వాడే నైలాన్ ఫిలమెంట్లు 1960లో సెమ్స్, వైన్‌స్టైన్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు మనుషుల చేతుల్లో స్పర్శ కొలవడానికి ప్రాచుర్యంలోకి తెచ్చినవి. పని చేసే సూత్రం చాలా తేలిక. సన్నటి కడ్డీని నిలువుగా నొక్కుతూ పోతే ఒక బలం దగ్గర అది విల్లులా వంగుతుంది, వంగాక ఇంకా నొక్కినా బలం దాదాపు పెరగదు. అంటే మీ చెయ్యి కాస్త అటూఇటూ అయినా ఎలుక అరికాలికి తగిలే బలం ఒకటే.

పూర్తి సెట్‌లో 20 ఫిలమెంట్లు ఉంటాయి, 0.008 గ్రాముల నుంచి 300 గ్రాముల దాకా. చిట్టెలుకకి ఇందులో ఏడెనిమిది చాలు: 0.04, 0.07, 0.16, 0.4, 0.6, 1.0, 1.4, 2.0 గ్రాములు. 2 గ్రాములు దాటాక ఫిలమెంట్ గట్టిదనానికి పాదం దానంతటదే పైకి లేస్తుంది, దాన్ని స్పందన అని రాసుకుంటే తప్పు. పిడి మీద 2.44, 3.61, 4.08 అని ఉండే అంకెలు గ్రాములు కావు, బలానికి సంబంధించిన లాగరిథమ్ అంకెలు. 3.61 అంటే 0.4 గ్రాములు. కొత్తవాళ్లు ఈ రెంటినీ కలిపేసుకోవడం నేను చాలాసార్లు చూశాను.

ఇక అసలు సంగతి. నైలాన్ తేమ పీల్చుకుంటుంది, పీల్చుకుంటే మెత్తబడుతుంది. మాకు ఒక జులైలో కాలి స్పందన మొదలయ్యే బలం, అంటే థ్రెషోల్డ్, అన్ని ఎలుకల్లోనూ పెరుగుతూ వచ్చింది. మందు బ్రహ్మాండంగా పని చేస్తోందని వారం రోజులు సంబరపడ్డాం. తర్వాత చూస్తే మందు ఇవ్వని కంట్రోల్ గుంపులో కూడా అంతే పెరిగింది. ఫిలమెంట్లు తూకం వేస్తే అన్నీ రాసిన దానికంటే తక్కువ బలానికే వంగిపోతున్నాయి. ఆ వారం డేటా మొత్తం పక్కన పెట్టేశాం, అంటే అన్ని ఎలుకలని అన్నిసార్లు ఊరికే ఇబ్బంది పెట్టాం, నాకు అది ఇప్పటికీ బాధే. విశాఖ, కాకినాడ లాంటి సముద్రం ఒడ్డు ఊళ్లలో పని చేసేవాళ్లు దీన్ని ఇంకా గట్టిగా పట్టించుకోవాలి.

తూకం వేయడం ఇలా. మిల్లీగ్రాము చూపించే డిజిటల్ బ్యాలెన్స్‌ని సున్నా చేసి, ఫ్యాన్ ఆపి, ఫిలమెంట్‌ని పళ్లెం మీద నిలువుగా దించి, అది వంగి స్థిరపడ్డాక అంకె చదవండి. ఒక్కో ఫిలమెంట్‌కి పదిసార్లు చేసి సగటు రాసుకోండి. 0.4 గ్రాముల దానికి 0.4కి దగ్గర్లో రావాలి. మా అలవాటు ఏమిటంటే పది శాతం కంటే తేడా వస్తే దాన్ని పక్కన పెట్టేస్తాం. కొన వంకరపోయినా, కొన మీద బుడిపె కట్టినా అంతే. ప్రతి వారం ఒకసారి, వానాకాలంలో ప్రతి టెస్ట్ రోజూ చేయండి, గదిలో తేమ శాతం కూడా అదే పేజీలో రాయండి.

ఎలుకను అలవాటు చేయడం

ఇక్కడ తొందరపడితే మిగతా అంతా వృథా. అసలు టెస్ట్‌కి ముందు కనీసం రెండు మూడు రోజులు, రోజుకి గంట చొప్పున ఎలుకల్ని జాలీ మీద డబ్బాల్లో ఊరికే కూర్చోబెట్టండి. మొదటి రోజు గోడలు ఎక్కుతాయి, మూత్రం పోస్తాయి, వాసన చూస్తూ తిరుగుతూనే ఉంటాయి. మూడో రోజుకి పావుగంటలో సర్దుకుంటాయి. టెస్ట్ రోజున కూడా అరగంట నుంచి గంట వదిలేసి, నాలుగు కాళ్లూ జాలీ మీద ఆనించి కదలకుండా ఉన్నాకే మొదలుపెట్టండి. ఒళ్లు దువ్వుకుంటున్నప్పుడు, నిద్రపోతున్నప్పుడు నొక్కొద్దు.

తోక పట్టుకుని ఎత్తడం మానేయండి. ప్లాస్టిక్ గొట్టంలోకి దూరనిచ్చి గొట్టంతో ఎత్తినా, రెండు అరచేతుల దోసిట్లో ఎత్తినా ఎలుకకి టెన్షన్ తక్కువని లివర్‌పూల్ యూనివర్సిటీ వాళ్లు 2010లోనే చూపించారు. గొట్టం అంటే పెద్ద ఖర్చు కూడా కాదు.

టెస్ట్ చేసే మనిషి కూడా ఫలితంలో భాగమే. కెనడాలో మెక్‌గిల్ యూనివర్సిటీ వాళ్లు 2014లో ప్రచురించిన పనిలో, మగవాళ్లు గదిలో ఉంటే, చివరికి మగవాళ్లు వేసుకున్న టీషర్టు పెట్టినా సరే, ఎలుకల్లో ఒత్తిడి పెరిగి నొప్పి స్పందన తగ్గినట్టు తేలింది. దీనర్థం మగవాళ్లు ఈ పని చేయకూడదని కాదు. మొదటి రోజు నుంచి చివరి రోజు దాకా ఒకే మనిషి చేయాలి, టెస్ట్‌కి ముందు అరగంటైనా గదిలో కూర్చుని ఎలుకల్ని అలవాటు పడనివ్వాలి. ఆ రోజుల్లో సెంటు, ఘాటైన తల నూనె వద్దు, జడలో మల్లెపూలు కూడా వద్దు. రోజూ ఒకే వేళకి చేయండి, పక్క గదిలో ఎలుకల బోన్లు కడిగే టైమ్ ఏదో కనుక్కుని దాన్ని తప్పించుకోండి. మనకి వినపడని అల్ట్రాసౌండ్ ఎలుకలకి వినపడుతుంది, అందుకే గది నిశ్శబ్దంగా ఉందని మీకు అనిపిస్తే సరిపోదు.

ఇంకొకటి, ఏ ఎలుకకి మందు ఇచ్చారో, దేనికి సెలైన్ ఇచ్చారో మీకు తెలియకూడదు. కోడ్ స్నేహితుల చేత పెట్టించి, మొత్తం అయ్యాకే విప్పండి. కాలు సందేహంగా కదిలినప్పుడు మన మనసు ఎటు కోరుకుంటే అటే రాసేస్తాం, ఎంత నిజాయితీపరులైనా ఇది జరుగుతుంది.

నొక్కడం, రాసుకోవడం

జాలీ కింద నుంచి ఫిలమెంట్‌ని నిలువుగా తీసుకెళ్లి వెనక పాదం అరికాలి మధ్యలో, ఆ చిన్న చిన్న మెత్తలకి తగలకుండా వాటి మధ్య ఖాళీలో ఆనించండి. మెల్లగా పైకి తోస్తే విల్లులా వంగుతుంది. అలా రెండు మూడు సెకన్లు పట్టుకుని దించేయండి. గుచ్చినట్టు ఒక్కసారిగా తాకించొద్దు, పక్కకి జరపొద్దు, జరిగితే అది బలం కాదు, గీరడం అవుతుంది. తుంటి నరం కొమ్మల్లో రెండు కత్తిరించి ఒకటి మిగిల్చే ఎస్ఎన్ఐ మోడల్‌లో అయితే అరికాలి మధ్యలో కాదు, బయటి అంచున నొక్కాలి, ఎందుకంటే మిగిలిన సూరల్ నరం అక్కడికే వెళుతుంది.

కాలు చటుక్కున లాక్కోవడం, విదిలించడం, నాకడం, ఇవి స్పందన. నెమ్మదిగా కాలు ఎత్తి నడిచి వెళ్లిపోతే అది స్పందన కాదు, ఆ ప్రయత్నాన్ని వదిలేసి కాసేపాగి మళ్లీ చేయండి. ఒకే కాలి మీద వెంటవెంటనే నొక్కితే అక్కడి నరాలు చికాకు పడి ప్రతిదానికీ లాక్కుంటుంది, అందుకని ఆరేడు ఎలుకల్ని వరసగా పెట్టుకుని ఒక్కోదానికి ఒక్కోసారి నొక్కుకుంటూ పోతే మధ్యలో రెండు మూడు నిమిషాల విరామం దానంతటదే వస్తుంది.

ఇప్పుడు అప్-డౌన్ పద్ధతి. నొప్పి ప్రయోగాల్లో దీన్ని 1994లో చాప్లాన్ బృందం ర్యాట్లలో స్థిరపరిచింది. 0.4 గ్రాములతో మొదలుపెట్టండి. స్పందన లేకపోతే పై ఫిలమెంట్, ఉంటే కింది ఫిలమెంట్. స్పందన మొదటిసారి మారిన చోటు నుంచి ఇంకో నాలుగుసార్లు చేసి ఆపేయాలి. ఉదాహరణకి 0.4కి లేదు, 0.6కి లేదు, 1.0కి ఉంది. ఇక్కడ మారింది కదా, ఇక నాలుగు: 0.6కి లేదు, 1.0కి ఉంది, 0.6కి ఉంది, 0.4కి లేదు. ఆపేయండి. నోట్‌బుక్‌లో లేనిదానికి సున్నా, ఉన్నదానికి ఇంటూ గుర్తు పెడితే సున్నా సున్నా ఇంటూ సున్నా ఇంటూ ఇంటూ సున్నా అని వరస వస్తుంది. ఆ వరసకి డిక్సన్ అనే గణాంక శాస్త్రవేత్త ఇచ్చిన పట్టికలో ఒక విలువ ఉంటుంది. దాన్ని ఫిలమెంట్ల మధ్య సగటు తేడాతో గుణించి, చివరి ఫిలమెంట్ లాగ్ అంకెకి కలిపి, పదిని ఆ ఘాతానికి పెంచి, పదివేలతో భాగిస్తే సగంసార్లు స్పందన వచ్చే బలం గ్రాముల్లో వస్తుంది.

తప్పు ఎక్కువగా ఆ సగటు తేడా దగ్గర జరుగుతుంది. 0.04 నుంచి 2.0 దాకా, 1.4ని వదిలేసి ఏడు ఫిలమెంట్లు వాడితే లాగ్ అంకెలు 2.44 నుంచి 4.31 దాకా, మధ్యలో ఆరు మెట్లు, అంటే సగటు 0.31. వేరే పేపర్‌లోని 0.224ని కాపీ చేసి పెట్టేస్తే మీ థ్రెషోల్డులన్నీ తప్పుతాయి. మీరు వాడిన సెట్‌కి మీరే లెక్క కట్టుకోండి. గణాంకాలు కూడా గ్రాముల మీద కాకుండా లాగ్ విలువల మీద చేయండి, ఎందుకంటే ఫిలమెంట్ల మెట్లు ఉన్నది లాగ్‌లోనే.

ఎలక్ట్రానిక్ వాన్ ఫ్రే సంగతి క్లుప్తంగా. ఒక గట్టి కొన నెమ్మదిగా పెరిగే బలంతో పైకి వచ్చి, కాలు లాక్కున్న క్షణంలో ఉన్న గ్రాములు చూపిస్తుంది. పని త్వరగా అవుతుంది, అంకె నేరుగా వస్తుంది. కానీ దీని గ్రాములు నైలాన్ ఫిలమెంట్ల కంటే చాలా ఎక్కువ వస్తాయి, కొన వెడల్పు, బలం పెరిగే వేగం వేరు కాబట్టి. రెండు పద్ధతుల అంకెల్ని ఒకే గ్రాఫ్‌లో పెట్టకండి.

మెత్తటి స్పర్శ

వాన్ ఫ్రే ఒక్కటే చేసి "స్పర్శ చూశాం" అని రాసేవాళ్లు చాలామంది. నిలువుగా నొక్కడం వేరు, మెత్తగా నిమరడం వేరు. ఆర్డెమ్ పాటపూటియన్ అనే శాస్త్రవేత్త ల్యాబ్ 2010లో కనిపెట్టిన పీజో2 అనే చానల్ (ఒత్తిడిని పసిగట్టే ప్రోటీన్) లేని ఎలుకలు మెత్తటి స్పర్శని దాదాపు కోల్పోతాయి, వేడి లాంటివి మాత్రం గుర్తుపడతాయి. ఆయనకి 2021లో నోబెల్ రావడానికి ఈ పనే కారణం. కాబట్టి స్పర్శకి విడిగా టెస్ట్ చేయండి, దానికి మెషీనేమీ అక్కర్లేదు. ఇయర్‌బడ్ దూదిని వేళ్లతో విదిల్చి మూడింతలు ఉబ్బేలా చేసి, జాలీ కింద నుంచి అరికాలి మీద మడమ నుంచి వేళ్ల వైపు ఒక్కసారి నిమరండి. పదిసార్లు చేసి ఎన్నిసార్లు కాలు ఎత్తిందో లెక్కపెట్టండి. నరానికి దెబ్బ తగిలిన మోడళ్లలో, నిమిరినా కాలు విదిలించి నాక్కుంటుందా అని చూడటానికి మెత్తటి పెయింట్ బ్రష్ బాగుంటుంది.

వేడి

హార్‌గ్రీవ్స్ పరికరం 1988 నాటి ఆలోచన. గాజు పలక మీద ఎలుక, కింద నుంచి అరికాలి మీద వేడి కిరణం, కాలు తీయగానే టైమర్ ఆగిపోతుంది. ముందు కిరణం తీవ్రతని సర్దుకోండి, మామూలు ఎలుక 8 నుంచి 12 సెకన్లలో కాలు తీసేలా. అంతకంటే త్వరగా తీస్తే నొప్పి పెరిగినా చూపించడానికి జాగా ఉండదు. 20 సెకన్లకి కిరణం దానంతటదే ఆరిపోయేలా సెట్ చేసి, ఎలుకని పెట్టకముందే ఒకసారి నడిపి అది నిజంగా ఆరుతోందో లేదో చూసుకోండి. గాజు చల్లగా ఉంటే అరికాలి వేడిని లాగేస్తుంది, అందుకే మంచి పరికరాల్లో గాజుని 30 డిగ్రీల దగ్గర ఉంచుతారు. పాదం గాజుకి పూర్తిగా ఆని ఉండాలి, కిరణం మడమ మీదకి కాకుండా అరికాలి మధ్యకి రావాలి. ఒక్కో కాలికి కనీసం మూడుసార్లు, మధ్యలో ఐదు నిమిషాలు.

స్ట్రెప్టోజోటోసిన్‌తో షుగర్ తెప్పించిన ఎలుకలు చేసేవాళ్లకి ఒక మాట. అవి విపరీతంగా మూత్రం పోస్తాయి. గాజు మీద తడి ఉంటే వేడి అటే పోతుంది, అరికాలు తడిగా ఉన్నా అంతే. ప్రతి కొలతకి ముందు తుడవండి, తడిపాదంతో వచ్చిన అంకె రాయకండి.

హాట్ ప్లేట్ మన ఫార్మసీ కాలేజీల్లో దాదాపు అందరికీ తెలిసిందే. 52 లేదా 55 డిగ్రీలు, వెనక పాదం నాకినా, విదిలించినా, దూకినా వెంటనే తీసేయాలి. 52కి 30 సెకన్లు, 55కి 20 సెకన్లు దాటనివ్వకండి. డిస్‌ప్లే మీది ఉష్ణోగ్రతని నమ్మకుండా విడి థర్మామీటర్‌తో ప్లేట్ మధ్యలోనూ నాలుగు మూలల్లోనూ చూడండి, పాత ప్లేట్లలో తేడా ఉంటుంది. ముందు పాదాలు నాక్కోవడం లెక్కలోకి తీసుకోవద్దు, ఎలుక మామూలుగానే ముఖం కడుక్కుంటూ అవి నాక్కుంటుంది. పదే పదే పెడితే ఎలుక నేర్చేసుకుని వెంటనే దూకుతుంది, కాబట్టి రోజుల తరబడి చేసే ప్రయోగానికి ఇది సరిపోదు.

తోక మీద వేడి కిరణం వేసే టెయిల్ ఫ్లిక్ 1941 నుంచి ఉంది. దీనికి 10 సెకన్ల పరిమితి పెడతారు. ఇది వెన్నుపాము స్థాయి రిఫ్లెక్స్, మెదడు ప్రమేయం లేకపోయినా వస్తుంది, హాట్ ప్లేట్ మీద నాక్కోవడానికి మాత్రం మెదడు కావాలి. మార్ఫిన్ లాంటి మందు రెంటిలోనూ తేలిగ్గా కనిపిస్తుంది. డైక్లోఫెనాక్ లాంటిది వాపు లేని మామూలు ఎలుక తోక మీద పెద్దగా తేడా చూపదు, వాపు తెప్పించిన కాలి మీద చూపిస్తుంది. "మందు పని చేయలేదు" అని రాసే ముందు సరైన టెస్ట్ ఎంచుకున్నారా అని చూడండి.

దీనికి తిరగేసిన తప్పు ఇంకోటి ఉంది. మత్తు తెప్పించే మందు ఇస్తే ఎలుక కాలు ఎత్తడమే ఆలస్యం చేస్తుంది, మీరు దాన్ని నొప్పి తగ్గిందని రాస్తారు. కాబట్టి అదే మోతాదులో రోటారాడ్ (తిరుగుతూ ఉండే కడ్డీ) మీద ఎలుక ఎంతసేపు నిలబడుతోందో విడిగా చూడటం తప్పనిసరి అనే నేను అనుకుంటాను.

చలి

రెండు దారులు. సూది లేని సిరంజి కొన నుంచి ఒక చుక్క అసిటోన్ (ఆవిరవుతూ చల్లబరిచే ద్రవం) అరికాలికి అంటించి, ఒక నిమిషం పాటు కాలు ఎంతసేపు విదిలించిందో, నాకిందో చూడటం ఒకటి. సిరంజి ప్లాస్టిక్ పాదానికి తగలకూడదు, తగిలితే అది స్పర్శ కింద లెక్క. గదిలో గాలి బాగా ఆడాలి, దగ్గర్లో మంట ఉండకూడదు. రెండోది, కొన కోసేసిన సిరంజిలో పొడి చేసిన డ్రై ఐస్ దట్టించి, గాజు పలక కింద నుంచి అరికాలి కిందకి ఆనించి, కాలు తీసేవరకు టైమ్ చూడటం. చేతికి గ్లవ్స్ వేసుకోండి. గాజు మందం మారితే చల్లబడే వేగం మారుతుంది, అందుకని ప్రయోగం మధ్యలో గాజు మార్చొద్దు.

ఒకే ఎలుకకి అన్నీ చేయాల్సి వస్తే

తేలికైనవి ముందు, గట్టివి తర్వాత. దూది, తర్వాత వాన్ ఫ్రే, మర్నాడు హార్‌గ్రీవ్స్, ఆ తర్వాత చలి, హాట్ ప్లేట్ అన్నిటికంటే చివర్న. మందు ఇవ్వకముందు బేస్‌లైన్ కనీసం రెండు రోజులు తీయండి, ఆ రెండూ ఒకదానికొకటి పొంతన లేకుండా ఉంటే ప్రయోగం మొదలుపెట్టకుండా అలవాటు చేయడం ఇంకో రెండు రోజులు పొడిగించండి. ఎలుక బరువు, ఒంటి వెంట్రుకల తీరు, నడక ప్రతిరోజూ రాయండి. కళ్లు సగం మూసుకుని, చెవులు వెనక్కి వాల్చి, ఒళ్లు ముడుచుకుని కూర్చుంటే ఆ రోజు దానికి టెస్ట్ చేయకుండా పశువైద్యుడికి చూపించండి.

పని అయ్యాక ఎలుకల్ని వాటి గూటి సావాసగాళ్లతోనే తిరిగి పెట్టి, జాలీనీ గాజునీ ఘాటు వాసన లేనిదానితో కడిగి ఆరబెట్టండి. ఫిలమెంట్లని పిడిలోకి మడిచి పెట్టెలో సర్దండి, కొన వంగేలా కుక్కకండి. పెట్టెలో ఒక సిలికా జెల్ పొట్లం వేసి, అది రంగు మారినప్పుడల్లా మార్చేయండి.